కండువాలు మారతాయి.. బీపీ మాత్ర మానొద్దు!

ఎన్నికల ఫలితాలు, పార్టీ ఫిరాయింపులు, జిల్లాల మార్పులు.. ఏది జరిగినా కొందరికి నిద్ర పట్టదు. బీపీ పెరుగుతుంది. ఇంట్లో మాటలు కరవవుతాయి. ఇలాంటప్పుడు బుద్ధుడు చెప్పిన 'అనిత్యం' మందుకు మంచి తోడు.

2023 డిసెంబరు 3. అసెంబ్లీ ఎన్నికల ఓట్ల లెక్కింపు రోజు. మర్నాడు ఉదయం జనగామ ప్రాంతం నుంచి ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు నా ఓపీకి వచ్చారు. తల దిమ్ముగా ఉందన్నారు. బీపీ చూస్తే 180/110. రెండు రోజులుగా టీవీ ముందు నుంచి లేవలేదు, మాత్ర వేసుకోలేదు, నిద్ర పోలేదు. అసలు సంగతి ఆయన భార్య చెప్పారు. వేరే పార్టీకి పనిచేశాడని సొంత తమ్ముడితో మూడు నెలలుగా మాటల్లేవట.

ఒంట్లో ఏం జరుగుతుంది?

కోపం, భయం కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఎదురుగా ఉన్నది పామా, టీవీ చర్చా అన్న తేడా ఒంటికి తెలియదు. తీవ్రమైన కోపం వచ్చిన తర్వాత రెండు గంటల పాటు గుండెపోటు ముప్పు ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధ అత్యవసర కేసులు 2.66 రెట్లు పెరిగాయి. ఆటకే అలా ఉంటే, మన జీవితాలతో ముడిపడిన రాజకీయాల సంగతి చెప్పాలా?

కళ్ల ముందే అనిత్యం

కారణాలు కలిసి ఏర్పడిన ప్రతిదీ కారణాలు మారగానే మారుతుంది. అనిత్యం అంటే ఇదే. పాళీలో 'అనిచ్చ' అంటారు. దీనికి ఉదాహరణల కోసం దూరం వెళ్లక్కర్లేదు. 2016 ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో జనగామ జిల్లా లేదు. బంద్‌లు, దీక్షల తర్వాత అక్టోబరు 11న ఏర్పడింది. అదే రోజు ఏర్పడిన భూపాలపల్లి జిల్లా నుంచి 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. మానుకోటలో 2010 మే 28న రైల్వేస్టేషన్ దగ్గర రాళ్లు లేచాయి, తుపాకులు పేలాయి. ఆనాడు ఎదురెదురు పక్షాల్లో ఉన్న నేతల్లో కొందరు తర్వాత ఒకే పార్టీలో కనిపించారు. ఆ రోజు గాయపడిన వాళ్ల ఒంటి మీద మచ్చలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

జనగామ నుంచి సూర్యాపేట దారిలో తిరుమలగిరి దాటితే ఫణిగిరి బౌద్ధక్షేత్రం వస్తుంది. 2024లో అక్కడి తవ్వకాల్లో ఓ కుండలో ఇక్ష్వాకుల కాలం నాటి 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకప్పుడు ఆ నాణేలే చెలామణి. ఇప్పుడు ఆ రాజ్యం పేరు పాఠ్యపుస్తకాల్లో తప్ప వినిపించదు.

పట్టించుకోవద్దని కాదు

'అన్నీ పోయేవే, మనకెందుకు' అనుకుంటే అది అనిత్యం కాదు, నిరాశ. వజ్జి గణరాజ్యంపై దండెత్తాలనుకున్న అజాతశత్రువు తన మంత్రిని బుద్ధుడి దగ్గరికి పంపాడు. రాజకీయాలు నాకెందుకని ఆయన అనలేదు. వజ్జీలు తరచూ సమావేశమై, కలిసికట్టుగా నిర్ణయాలు తీసుకుంటూ, పెద్దలను గౌరవిస్తూ ఉన్నంత కాలం వారికి క్షీణత లేదని వివరించారు. చివరి బోధలోనూ అనిత్యాన్ని గుర్తుచేస్తూనే, ఏమరుపాటు వద్దన్నారు. మంచి వ్యవస్థ కూడా దానంతట అది నిలబడదు. అందుకే ఓటు వేయాలి, ప్రశ్నించాలి. గెలుపోటములకు మాత్రం గుండెను తాకట్టు పెట్టకూడదు.

ఇంకో మాట. భూమి, ఉద్యోగం, పింఛను పోతాయన్న భయంతో ఉన్నవారికి 'అన్నీ మారతాయి లెండి' అనడం ఓదార్పు కాదు. వారికి కావాల్సింది సాయం.

ఇలా చేసి చూడండి

* కోపం వచ్చినప్పుడు అది ఒంట్లో ఎక్కడుందో గమనించండి. దవడ బిగిసిందా? ఛాతీ బరువెక్కిందా? పది శ్వాసలు నెమ్మదిగా తీసుకుంటూ అక్కడే చూడండి. పెరుగుతుంది, కాసేపటికి తగ్గుతుంది. కోపం అనిత్యమని నమ్మక్కర్లేదు, చూస్తే చాలు.
* వార్తలకు పూటకు అరగంట కేటాయించండి. పడుకునే గంట ముందు ఫోన్, టీవీ ఆపేయండి.
* భోజనాల దగ్గర, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పార్టీల వాదన వద్దు.
* ఎంత హడావుడి ఉన్నా బీపీ, షుగర్ మాత్రలు మానొద్దు. ధ్యానం మందుకు తోడే, బదులు కాదు.
* ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ధ్యానం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.
* రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే డాక్టర్‌ను కలవండి. టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఆ మాస్టారు ఆర్నెల్లకు మళ్లీ వచ్చారు. ''ఎవరి కోసం తమ్మునితోని మాట బంద్ పెట్టిన్నో, ఆ లీడరే కండువా మార్చిండు సార్'' అని నవ్వారు. ఆ నవ్వులో కాస్త చేదు ఉంది. ''లీడర్ సంగతి సరే, తమ్ముడికి ఫోన్ చేశారా?'' అని అడిగాను. తల దించుకున్నారు.

తర్వాతి చెకప్‌కు బీపీ 134/84. చీటీ పట్టుకుని పక్కన నిలబడిన మనిషిని చూపించి, ''మా తమ్ముడు సార్'' అన్నారు. ''పార్టీ మారలే, సార్'' అన్నాడు తమ్ముడు. మారాల్సిన అవసరం కూడా లేదు.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ