రూపాయి ప్రయాణమునకు కూలి

ఎనుమాముల మార్కెట్టు యార్డులో నాటి ధర తేల్చు జెండా పాట ముగిసి, దడ్వాయి తూకము వేసి, అడ్తిదారు తక్‌పట్టీ వ్రాసి రైతు చేతికిచ్చిన పిదప, మిరప ఘాటునకు తుమ్ముచు, తలగుడ్డతో ముఖము తుడుచుకొనుచు వచ్చిన హమాలీ యొకడు చాయి బండి ముందు నిలిచి, ఎర్రని పొడి పేరుకొన్న క్యూఆర్ అట్టకు ఫోను చూపి పది రూపాయలు చెల్లించును. ఆతడు గ్లాసు పెదవికి చేర్చులోపలనే బండిపైని డబ్బా సొమ్ము ముట్టినదని పలుకును.

ఆ రెండు మూడు క్షణములలో ఆ సొమ్ము నడచిన దారి చిన్నది కాదు. హమాలీ యాప్ వెనుకనున్న బ్యాంకు ఆ యాజ్ఞను జాతీయ చెల్లింపుల సంస్థకు పంపగా, ఆ సంస్థ చాయివాని ఖాతా యెచ్చటనున్నదో తెలిసికొని, హమాలీ బ్యాంకుచేత రహస్య సంఖ్యను సరిచూపించి, సొమ్మును తీయించి, చాయివాని బ్యాంకులో జమ చేయించి, ఇరువురికిని కబురు పంపును. 2016లో వెలసిన ఈ యూపీఐకి ముందటి మెట్లలో నొకటి మన హైదరాబాదులోనే కట్టబడినది. బ్యాంకుల ఏటీఎంలను ఒకదానితో నొకటి ముడివేసిన జాతీయ ఆర్థిక స్విచ్‌ను రిజర్వు బ్యాంకు స్థాపించిన ఐడీఆర్‌బీటీ అను సంస్థ 2004లో నడపనారంభించి, 2009లో ఆ జాతీయ చెల్లింపుల సంస్థకే అప్పగించినది.

బస్తా మోసినవానికి కూలి యున్నట్లే రూపాయిని మోసినవారికిని ఖర్చు కలదు. అయినను 2020 జనవరి 1 నుండి, బ్యాంకు ఖాతా నుండి జరుగు యూపీఐ చెల్లింపులపై వర్తకుని నుండి రుసుము తీసికొనరాదు. చిన్న వర్తకులకు ముట్టు 2,000 రూపాయల లోపు చెల్లింపులపై నూటికి 0.15 వంతున ప్రభుత్వమే ప్రోత్సాహకమిచ్చుచు, 2024-25కు 1,500 కోట్లు కేటాయించినది. అది చాలదని, పెద్ద వర్తకులపై నూటికి 0.3 విధింపనిండని చెల్లింపుల కంపెనీల మండలి 2025 మార్చిలో ప్రధానమంత్రికి విన్నవించుకొనగా, అట్టి రుసుము రానున్నదన్న వార్తలను జూన్‌లో ఆర్థిక శాఖ ఖండించినది.

ఇట్టి విన్నపములకు ఐరోపాలో చరిత్ర కలదు. 2015లో అచ్చటి శాసనము, వర్తకుని బ్యాంకు కార్డునిచ్చిన బ్యాంకునకు చెల్లించు వాటాను డెబిట్ కార్డుకు నూటికి 0.2, క్రెడిట్ కార్డుకు 0.3 మించరాదని కట్టడి చేసినది. అదే యేట వెలువడిన మరియొక శాసనము, ఖాతాదారు అనుమతించినచో అతని ఖాతాను క్రొత్త కంపెనీలకును తెరువవలెనని బ్యాంకులను నిర్బంధించినది. బ్యాంకులు తెరచెడి ద్వారము పనిచేయని వేళ తమ గతి యేమని 2017లో పదుల కొలది కంపెనీలు ఒక్కటై మొరపెట్టగా, బ్యాంకులు భద్రతను చూపి అడ్డుపడగా, తుదకు ప్రత్యామ్నాయ మార్గ మొకటి నిబంధనలలో చేరినది. ఆ మొర న్యాయమైనదేయని నా నిశ్చయము. అది లేకున్న పాత బ్యాంకుల గుత్తాధిపత్యము కదలెడిది కాదు. అంతకన్న నాకు నచ్చినది, ఎవరు ఎవరి పక్షమున వాదించుచున్నారో, అందుకెంత వ్యయపరచుచున్నారో చూపు బహిరంగ పట్టిక, ఐరోపా శాసనములు పుట్టు బ్రస్సెల్సులో నుండుట. మన దేశమున అట్టి పట్టికను కోరు శాసనము లేదు.

చాయి బండికి ఆ 0.3 తగులదు, నిజమే. కాని పెద్ద ఎరువుల దుకాణములో రైతు 20,000 రూపాయలు యూపీఐ ద్వారా చెల్లించినచో రుసుము 60 రూపాయలగును. వర్తకుడే చెల్లించినను అది మెల్లగా బస్తా ధరలో కలిసిపోవచ్చును. రుసుములపై 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక చర్చాపత్రము ప్రకటించి ప్రజల అభిప్రాయములు కోరినది. మరల అట్టి పత్రము వచ్చిననాడు దానిని తేట తెలుగున వ్రాయించి, యార్డులో నాటి ధరలు వ్రాయు బోర్డు ప్రక్కనే తగిలించి, జెండా పాటకు ముందు రైతులును హమాలీలును వినునట్లు ఒకమారు చదివింపవలెను.