ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో లెక్కలు

తళవాయిపురం పేరు చెప్పగానే ఈ చుట్టుపక్కల వారికి నైటీలు గుర్తుకొస్తాయి. వీధివీధినా కుట్టుమిషన్ల చప్పుడే. ఆ చప్పుడు మధ్యనే మన తెలుగిళ్ళ పిల్లలూ ఇంజనీరింగ్ చదువుతున్నారు. కృష్ణన్‌కోవిల్‌లో 1984లోనే కలసలింగం కళాశాల వెలిసింది. 2013లో రాజపాళయంలోనే రాంకో వారి కళాశాల వచ్చింది. బస్సు దూరం తగ్గింది గాని మొదటి ఏడాది లెక్కల భయం తగ్గలేదు.

ప్లస్ టూకు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక సాయంత్రాలు కొందరు పిల్లలు మా అరుగు మీదికి వస్తుంటారు. తమిళనాట 2007 నుంచి ఇంజనీరింగుకు ప్రవేశపరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులే కొలబద్ద. లెక్కలకు 100, ఫిజిక్సు, కెమిస్ట్రీలకు చెరి 50. పుస్తకంలోని లెక్కలన్నీ వల్లె వేసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే మొదటి సెమిస్టర్‌లో మాత్రికలు, కలనగణితం దగ్గర అరియర్ పెట్టుకుని వస్తారు. వీళ్ళకు తెలివి లేదంటే నేనొప్పుకోను.

భాష కూడా ఒక చిక్కే. తమిళ పుస్తకంలో ‘వేగం’ అంటే స్పీడు, వెలాసిటీ ‘తిశైవేగం’. ఆంధ్ర పుస్తకాల్లో వెలాసిటీయే ‘వేగం’, స్పీడేమో ‘వడి’. ఇంట్లో మనం రెంటికీ ఒకే మాట వాడతాం. కాలేజీలో అంతా ఇంగ్లీషు. 2010లో అన్నా విశ్వవిద్యాలయం సివిల్, మెకానికల్ శాఖలను తమిళంలోనూ ప్రారంభించింది గాని, మా అరుగు మీదికి వచ్చేవాళ్ళంతా ఇంగ్లీషులో చదివేవాళ్ళే.

ఫిజిక్సుకు ఇల్లే సాయం చేస్తుంది. కుట్టుమిషన్ చక్రంలో బరువంతా అంచునే ఎందుకుందో అడిగితే ‘మొమెంట్ ఆఫ్ ఇనర్షియా’ సగం వచ్చినట్టే.

మొన్న ఒకమ్మాయి ఐగెన్ వాల్యూల లెక్క చకచకా చేసి, “చెయ్యడం వచ్చు తాతా, ఎందుకో తెలీదు” అంది. వాళ్ళమ్మ నైటీలు కుడుతుంది. సాగే బనియను గుడ్డ ముక్క తెమ్మని, దాని మీద సుద్దతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి గీతలు గీయించాను. నిలువుగా లాగింది. ఏటవాలు గీత దిక్కు మార్చుకుంది. నిలువుది సాగింది, అడ్డంది కుదించుకుంది, రెండూ పక్కకు తిరగలేదు. ఆ తిరగని దిక్కులే ఐగెన్ వెక్టర్లు, ఎన్ని రెట్లు సాగిందో, కుదించుకుందో అదే ఐగెన్ వాల్యూ అన్నాను.

కాసేపు ఆలోచించి, “ఏ దిక్కూ నిలవని గుడ్డ ఉంటుందా?” అంది. గుడ్డను సాగదీయకుండా బల్ల మీద పావువంతు తిప్పి చూపాను. గీతలన్నీ తిరిగిపోయాయి.

“అయితే క్లాసులో ఆ లెక్కకు రూట్ మైనస్ ఒకటి వచ్చింది ఇందుకా!” అంటూ నోటుపుస్తకం తీసింది.