విద్యుత్ కారు బ్యాటరీ - బొగ్గు గనుల లెక్క

విద్యుత్ కారునకు పొగగొట్టము లేదు. కనుక అది గాలిని చెరుపదని పలువురి నమ్మకము. వీధిలో చూచినంతవరకు అది నిజమే. అయితే దానిని నడుపు విద్యుత్తు ఎచ్చట పుట్టుచున్నదో రామకృష్ణాపూర్ వాసులకు మేము చెప్పవలసిన పనిలేదు. ఈ ప్రాంతపు సింగరేణి బొగ్గుతోనే రామగుండమున 2600 మెగావాట్ల కేంద్రమును, జైపూరున 1200 మెగావాట్ల కేంద్రమును నడచుచున్నవి.

చిన్న లెక్క వేసి చూతము. మధ్యరకపు విద్యుత్ కారు నూరు కిలోమీటర్లు పోవుటకు సుమారు 15 యూనిట్లు కావలెను. బొగ్గు కేంద్రమున ఒక్కొక్క యూనిట్టునకు రమారమి ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడును. అంత దూరమునకు ఆరు లీటర్ల పెట్రోలు కాల్చు కారు వెలువరించునది 14 కిలోలకు దగ్గర. బొగ్గు విద్యుత్తే అయినచో రెంటికిని భేదము లేనట్లే! కాని మన తీగలలో జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, అణువిద్యుత్తు కూడ కలియుచున్నవి. దేశపు సగటు యూనిట్టునకు 0.7 కిలో, కావున కారు వాటా 11 కిలోల లోపునకు దిగును. బొగ్గు పాలు తగ్గినకొలది ఈ అంకె ఇంకను తగ్గును. పెట్రోలు కారు అంకె తగ్గదు.

ఇక బ్యాటరీ. కారు ఒక్క గజమైనను కదలకముందే దాని బ్యాటరీ తయారీలో కొన్ని టన్నుల వాయువు వెలువడి యుండును. లిథియము కొరకు ఆస్ట్రేలియాలో రాతిగనులు త్రవ్వుదురు; చిలీ ఎడారిలో భూగర్భపు ఉప్పునీటిని తోడి ఎండబెట్టుదురు. కోబాల్టులో సగమునకు పైగా కాంగో దేశమునుండి వచ్చుచున్నది. అచ్చట పిల్లలు సైతము చేతి పనిముట్లతో త్రవ్వుచుండిరని లోకమెరుగును. మన దేశపు అనేక కార్లలో ఇప్పుడు వాడు ఇనుము-ఫాస్ఫేటు రకమునకు కోబాల్టు అక్కరలేదు, లిథియము మాత్రము తప్పదు. ఓపెన్‌కాస్టు ప్రక్కన పెరుగు మట్టిగుట్టలను నిత్యము చూచువారికి, గని అనిన ఏమో వేరుగా వివరింపనక్కరలేదు.

గని కార్మికులు నడుమునకు బిగించుకొని దిగిన దీపపు బ్యాటరీలలో సీసమును గంధకామ్లమును ఉండెడివి. అట్టివానిని పెరళ్లలో పగులగొట్టి సీసము కరిగించినచో నేలయు, పిల్లల రక్తమును విషపూరితమగును. లిథియము బ్యాటరీ తీరు వేరు: గ్రుచ్చినను నలిపినను అంటుకొనును, ఆర్పినను మరల రగులును. కారునకు చాలనంతగా శక్తి తగ్గినను అది వెంటనే చెత్త కాదు. పగటి సౌరవిద్యుత్తును రాత్రికి దాచుటకు కొన్ని ఏండ్లు ఉపకరించును. రామగుండము జలాశయముపై 2022 నుండి 100 మెగావాట్ల సౌరఫలకలు తేలుచున్నవి కదా, ప్రొద్దు క్రుంకిన వెనుక వానికి పని లేదు.

2022 నాటి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను పూడ్చుటయు కాల్చుటయు నిషిద్ధము. వానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులదే. కావున పాత బ్యాటరీని ఇనుపసామానుల వర్తకునకు తూకమునకు వేయక, కారు అమ్మినవారికే అప్పగింపవలెను.