కొంగజాతి పక్షులలో జీర్ణనాళ పరాన్నజీవి వ్యాధి: డెల్టా జలావరణ నేపథ్యం

ఉపోద్ఘాతం

కృష్ణా పశ్చిమ డెల్టా అంచున ఉన్న కారంచేడు ప్రాంతంలో పంటకాలువలు, మురుగుకాలువలు, మాగాణులు ఒకే జలవ్యవస్థగా ముడిపడి ఉన్నాయి. తెల్లకొంగ, గుడ్డికొంగ, నారాయణపక్షి మొదలైన వాటికి ఇవే మేతస్థలాలు. ఈ జాతులకు ప్రాణాంతకమయ్యే జీర్ణనాళ వ్యాధులలో యూస్ట్రాంగైలిడోసిస్ ముఖ్యమైనది. ఈ వ్యాధి తీవ్రతను నిర్ణయించేది ప్రధానంగా నీటి స్థితియే.

జీవితచక్రం

వ్యాధికారకం యూస్ట్రాంగైలిడిస్ ప్రజాతికి చెందిన ఎర్రని నులిపురుగు. దీని గుడ్లు పక్షిరెట్ట ద్వారా నీటిని చేరుతాయి. బురదలోని వానపాము వర్గపు సన్నని జీవులు వాటిని మింగుతాయి. ఆ జీవులను తిన్న చిరుచేపలలో డింభకాలు పెరుగుతాయి. చేపను తిన్న కొంగ చివరి ఆతిథేయి అవుతుంది.

వ్యాధి లక్షణాలు

డింభకాలు జీర్ణాశయపు గోడను తొలుచుకొని పోతాయి. ఆ రంధ్రాల ద్వారా బాక్టీరియా ఉదరకుహరంలోకి ప్రవేశించి శోథను కలిగిస్తుంది. గూటిలోని పిల్లలకు ముప్పు అధికం. అవి చిక్కి శల్యమై మరణిస్తాయి కనుక ఆకలిచావులుగా పొరబడే అవకాశం ఉంది. శవపరీక్ష లేనిదే కారణం నిర్ధారణ కాదు.

నీటి కాలుష్యంతో సంబంధం

మురుగునీరు, ఎరువుల అవశేషాలు చేరి పోషకాలు పెరిగిన నీటిలో బురదజీవులు విస్తారంగా వృద్ధి చెందుతాయి. పరాన్నజీవికి తొలి ఆతిథేయి అవే. అమెరికాలోని ఫ్లోరిడా కొంగల గూళ్లపై 1993లో వెలువడిన అధ్యయనం, మానవ చర్యల వల్ల మార్పు చెందిన జలాశయాలతో ఈ వ్యాధికి సంబంధాన్ని చూపింది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

2021 డిసెంబరు నుండి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో నూటికి పైగా గూడబాతులు మరణించాయి. నులిపురుగుల బెడదే కారణమని పశువైద్య పరీక్షలలో తేలింది. పరిసరాల చేపల చెరువుల నుండి అది సంక్రమించి ఉంటుందని భావించారు. గూడబాతు కొంగజాతికి చెందదు. అయినా చేప ద్వారా పరాన్నజీవి సోకే మార్గం రెండింటికీ సమానమే.

ముగింపు

స్వేచ్ఛగా ఎగిరే పక్షులకు మందు వేయడం ఆచరణలో సాధ్యం కాదు. గొలుసును తెంచగల చోటు నీరే. మురుగును శుద్ధి చేయకుండా కాలువలలోకి వదలకపోవడం, చెరువుల వ్యర్థజలాన్ని నియంత్రించడం, చనిపోయిన పిల్లలకు శవపరీక్ష జరిపించడం తక్షణ కర్తవ్యాలు. డెల్టా మురుగుకాలువలలోని బురదజీవులు, చిరుచేపలలో డింభకాల ఉనికిని ఋతువుల వారీగా పరిశీలించడం పరిశోధకులు చేపట్టదగిన అంశం.