మిరప కారమునకు కొలత

గుంటూరు మిరపయార్డులో కొనుగోలుదారు టిక్కీలోనుండి నాలుగు కాయలు తీసి చూచును. రంగు చూచును, కాయను చేతితో నొక్కి తేమ గ్రహించును, తాలుకాయ లెన్ని యున్నవో గమనించును. కొద్ది క్షణములలో ధర పలుకును. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు ఏడాది కష్టము ఆ చూపుపై ఆధారపడి యుండును. అయితే కంటికి కనబడని గుణ మొకటి కలదు. అది కారము.

ఎఱ్ఱని కాయ కారముగా నుండునని పలువురి నమ్మకము. ఇది సరికాదు. ఎఱుపునకు కారణము కాప్సాంథిన్ అను వర్ణకము. కారమునకు కారణము కాప్సైసిన్. దీనికి రంగు లేదు. కర్ణాటకలోని బ్యాడిగి కాయ ముదురు ఎఱుపు, కాని కారము తక్కువ. మన తేజ రకము మిక్కిలి కారము. ఈ కారము పుట్టుచోటు గింజ కాదు. గింజలను పట్టియుంచు తెల్లని లోపొర.

మనము షడ్రుచులలో కారమును చేర్చితిమి. శరీరశాస్త్రము ననుసరించి అది రుచి కాదు, మంట. వేడిని గుర్తించు నాడీగ్రాహకమునే కాప్సైసిన్ కూడ మేల్కొల్పును. డేవిడ్ జూలియస్ బృందము 1997లో ఈ గ్రాహకమును కనుగొనెను. 2021లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కారము తాకిన కన్ను, చర్మము మండుట కిదియే కారణము.

మంటను కొలుచు టెట్లు? 1912లో అమెరికా ఔషధశాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ ఒక ఉపాయము కనిపెట్టెను. మిరపసారమును ఆల్కహాలులో దింపి, చక్కెరనీటితో పలుచన చేయుచు, పరీక్షకులచే రుచి చూపించెను. కారము తెలియకుండపోవుటకు ఎన్ని రెట్లు పలుచన చేయవలెనో ఆ సంఖ్యయే కారపు కొలత. గుంటూరు సన్నము కొలత సుమారు 35,000. అనగా ఒక గ్రాము కాయ కారము 35 లీటర్లలో కలిపినగాని మాయము కాదు. శుద్ధమైన కాప్సైసిన్ కొలత 1,60,00,000. మొదటి సంఖ్యను రెండవదానితో భాగించిన, సన్నములో కాప్సైసిన్ సుమారు 0.22 శాతమని తేలును.

ఈ పద్ధతికి ఒక లోపము కలదు. నాలుక త్వరగా మొద్దుబారును; కారము తిని అలవాటు పడిన నాలుకకు తక్కువగా తోచును. అందుచే నేడు ప్రయోగశాలలలో ద్రవ క్రొమటోగ్రఫీచే కాప్సైసిన్‌ను వేరుచేసి కొలుతురు. రంగును ఎసిటోన్‌లో దింపి, 460 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చునో చూచి నిర్ణయింతురు.

విద్యార్థులు తరగతిలో ఒక పరీక్ష చేయవచ్చును. రెండు పరీక్షనాళికలలో నీరు, నూనె వేరువేరుగా పోసి, చిటికెడు కారప్పొడి వేసి కుదిపి, తేర్చవలెను. నూనె ఎఱ్ఱబారును, నీటికి రంగు అంతగా దిగదు. కాప్సైసిన్ కూడ ఇట్లే నూనెలో కరగును, నీటిలో దాదాపు కరగదు. అందుచేతనే నోరు మండినపుడు నీటికంటె పాలు, పెరుగు మేలు.

రంగును, కారమును సారముగా తీయు కర్మాగారములు ఈ రెండు కొలతలనుబట్టియే సరకును ఎంచుకొనును. తన కాయ కొలత తెలిసిన రైతు బేరములో కేవలము ఎదుటివాని చూపునకు లోబడి యుండనక్కరలేదు.