ఎర్రగడ్డ అనే తిట్టు, మూడు కథలు, ఒక చట్టం

ఈ రోజు పిచ్చాసుపత్రి కథల గురించి మాట్లాడుకుందాం. అంటే మెంటల్ హాస్పిటల్‌లో జరిగే సినిమాలు, నవలలు. వాటిలో ఎక్కువగా కనిపించే గొడవ ఒకటుంది. ఒక మనిషి తనలా తాను ఉంటానంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అందరిలా ఉండమంటారు. ఈ గొడవ నాకు ముందు అర్థమైంది సినిమాలో కాదు, చిట్కుల్‌లో మా రూమ్‌లో. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

పటాన్‌చెరు దిక్కు ఉండేవాళ్లకు 218 బస్సు తెలుసు. మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా కోఠికి పోతది. దారిలో ఎర్రగడ్డ వస్తుంది. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కానీ మా దగ్గర ఎర్రగడ్డ అంటే ఏరియా పేరు కాదు, తిట్టు. "వీడు ఎర్రగడ్డ కేసురా" అన్నారంటే ఇక ఆ మనిషి ఏం మాట్లాడినా ఎవరూ వినరు.

మా రూమ్‌లో ఒక తమ్ముడు ఉండేవాడు. అతన్ని అడిగే ఇది చెబుతున్నా, పేరు మాత్రం చెప్పను. ఒక కంపెనీలో పని. లంచ్ టైమ్‌లో అందరం రీల్స్ చూస్తుంటే ఇతను పుస్తకం తెరిచేవాడు. జీతం పడ్డ రోజు పార్టీకి రాకపోయేవాడు. అంతే, ఎర్రగడ్డ అని పేరు పెట్టేశారు. నేనూ నవ్వాను. ఏడాది తర్వాత అతనికి నిజంగానే నిద్ర కరువైంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, పగలంతా పడుకోకుండా గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తోందన్నాడు. డాక్టర్ దగ్గరికి పోదాం రా అంటే ఒకటే మాట. "పోతే మీరు పెట్టిన పేరు నిజమైతదన్నా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కథల్లోకి వెళ్దాం, మళ్లీ ఇతని దగ్గరికి వస్తా.

మొదటిది చాలామంది విన్నదే, 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్'. కెన్ కేసీ నవల 1962లో వచ్చింది, సినిమా 1975లో. ఐదు ఆస్కార్లు వచ్చాయి. షూటింగ్ నిజమైన మెంటల్ హాస్పిటల్‌లోనే, అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ హాస్పిటల్‌లో జరిగింది. కేసీ కూడా రాయకముందు మాజీ సైనికుల ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్ చేసినవాడే.

కథ సింపుల్. మెక్‌మర్ఫీ అనే ఖైదీ జైలు పని తప్పించుకోవడానికి పిచ్చి ఉన్నట్టు నటించి హాస్పిటల్‌కు వస్తాడు. అక్కడ నర్స్ రాచెడ్ చెప్పిందే రూల్. టీవీ ఎప్పుడు చూడాలి, గోలీలు ఎప్పుడు వేసుకోవాలి, అన్నీ ఆమె చెప్పినట్టే. నవలలో కథ చెప్పేది బ్రామ్డెన్ అనే పేషెంట్. మూగ, చెవుడు ఉన్నట్టు నటిస్తుంటాడు. అతని కళ్లకు ఆ వార్డు ఒక ఫ్యాక్టరీ. బయట లోకానికి పనికిరాని మనుషులను లోపల రిపేర్ చేసి, ఒకే సైజులో బయటకు పంపే పెద్ద మిషన్. లైన్ మీద పీస్ తేడాగా వస్తే పక్కకు తీసి పడేయడం రోజూ చూసే మనకు దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు.

కానీ నాకు గట్టిగా తగిలింది వేరే సీన్. చాలామంది పేషెంట్లను ఎవరూ బలవంతంగా పెట్టలేదని మెక్‌మర్ఫీకి తెలుస్తుంది. వాళ్లు కావాలంటే ఆ రోజే ఇంటికి పోవచ్చు. పోరు. బయట జనం చూసే చూపు కన్నా లోపలి రూల్సే నయం అనుకుంటారు. అంటే తాళం తలుపుకే ఉండదు, మనసులో కూడా పడుతుంది. చివరికి మెక్‌మర్ఫీ మెదడుకు ఆపరేషన్ చేసి అతన్ని కదలని బొమ్మలా చేసేస్తారు. కిటికీ పగలగొట్టి బయటపడేది బ్రామ్డెన్.

రెండోది ఇంకా పాతది. రష్యా రచయిత చేహోవ్ 1892లో రాసిన 'ఆరో నంబరు వార్డు'. ఇందులో డాక్టర్ రాగిన్‌కు ఊళ్లో మాట్లాడదగ్గ మనిషి ఒక్కడే దొరుకుతాడు. అతను పిచ్చివాళ్ల వార్డులో పేషెంట్. డాక్టర్ రోజూ అక్కడికి పోయి కూర్చుంటాడు. అంతే, ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. ఒకరోజు కేసు చూద్దాం రమ్మని పిలిచి, ఆయనకే ఆసుపత్రి గౌను తొడిగి తలుపు వేసేస్తారు. ఇన్నాళ్లూ ఆ వార్డులో దెబ్బలు పడుతుంటే డాక్టర్ పట్టించుకోలేదు. ఇప్పుడు అదే కాపలావాడి దెబ్బలు ఆయనకూ పడతాయి. మరుసటి రోజే చనిపోతాడు. గౌను మారగానే మనిషి మాటకు విలువ పోయింది చూశారా? నిన్నటి డాక్టర్ చెప్పిందంతా నేడు పిచ్చి మాట.

మూడోది మన తెలుగు సినిమా. 'చివరకు మిగిలేది', 1960, గుత్తా రామినీడు డైరెక్షన్, సావిత్రి హీరోయిన్. బుచ్చిబాబు నవల వేరు, ఇది వేరు, పేరు ఒకటే. బెంగాలీలో సుచిత్రా సేన్ చేసిన 'దీప్ జ్వేలే జాయ్'కి ఇది రీమేక్. అదే కథ తర్వాత హిందీలో వహీదా రెహ్మాన్‌తో 'ఖామోషీ' అయింది.

ఇక్కడ నర్సు రాక్షసి కాదు, చాలా మంచిది. ప్రేమలో దెబ్బతిన్న పేషెంట్‌కు ప్రేమ నటించి నయం చేయమని పెద్ద డాక్టర్ చెబుతాడు. ఆమె చేస్తుంది. అతను బాగై వెళ్లిపోతాడు. ఆమె మనసు మాత్రం అతని దగ్గరే ఉండిపోతుంది. ఇంకో పేషెంట్ వస్తే మళ్లీ అదే డ్యూటీ. ఆమెకు ఇష్టం ఉందా అన్నది లెక్కలోకి రాదు. రెండోవాడు కూడా బాగవుతాడు. ఆమె మతి తప్పి అదే ఆసుపత్రిలో పేషెంట్ అవుతుంది.

నా లెక్కలో మూడింటిలోనూ మనకు దగ్గరగా ఉండేది ఇదే. "నువ్వు మంచిదానివి, నువ్వే చేయగలవు" అంటారు. మన ఇళ్లలో, కంపెనీల్లో మనుషులను ఒక అచ్చులో పోసేది ఎక్కువగా ఇలాంటి మంచి మాటలతోనే. బాగానే ఉన్నట్టు నటించి నటించి ఒకరోజు కూలబడతారు.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇలాంటి సినిమాలు చూసి "పిచ్చి అనేదే లేదు, అందరిలా లేనివాళ్లను లోకం పిచ్చివాళ్లంటుంది, గోలీలు పడేయ్" అనేవాళ్లున్నారు. అది తప్పు. మెక్‌మర్ఫీ పేషెంట్‌లా నటించాడు. మా తమ్ముడు నటించలేదు, అతనికి నిజంగా వినిపించింది. పుస్తకం చదవడం జబ్బు కాదు. రోజుల తరబడి నిద్ర లేక, లేని మాటలు వినబడి వణికిపోవడం మాత్రం చూపించుకోవాల్సిందే. మేం రెండింటికీ ఒకే పేరు పెట్టాం. మొదటిదానికి పెట్టిన పేరు రెండోదానికి వైద్యం అందకుండా అడ్డుపడింది.

ఈ తేడా మన చట్టంలో కూడా ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 3వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఒక మనిషి చుట్టూ ఉన్న సమాజపు నైతిక, సామాజిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు, మత నమ్మకాలకు, చివరికి పని విలువలకు కూడా ఒదగలేదన్న కారణంతో అతన్ని మానసిక రోగి అని తేల్చకూడదు. 20వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో పేషెంట్ కోరుకుంటే తన బట్టలే వేసుకోవచ్చు, యూనిఫాం బలవంతంగా తొడగకూడదు, గుండు కొట్టించకూడదు. 95వ సెక్షన్ గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది, మత్తు ఇవ్వకుండా కరెంట్ షాక్ చికిత్స చేయకూడదంది. డాక్టర్ రాగిన్‌కు తొడిగిన గౌను గుర్తుందా? అది వద్దనే హక్కు ఇప్పుడు మనకు కాగితం మీద ఉంది.

కానీ రూమ్‌లో మనం పెట్టే పేర్లను ఏ చట్టమూ ఆపలేదు. అది మన పని.

ఒక ఆదివారం నేను మా తమ్ముడికి సారీ చెప్పాను. నవ్వినందుకు. అతను చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నువ్వు కూడా వస్తవా?" అన్నాడు. సోమవారం ఇద్దరం 218 ఎక్కి ఎర్రగడ్డలో దిగాం. ఓపీ లైన్‌లో మనలాంటివాళ్లే ఉన్నారు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని. డాక్టర్‌తో అతనే మాట్లాడాడు, నేను బయట కూర్చున్నా. ఇప్పుడు గోలీలు వాడుతున్నాడు, నిద్ర పడుతోంది, డ్యూటీకి పోతున్నాడు. లంచ్‌లో ఇప్పటికీ పుస్తకమే. పార్టీకి ఇప్పటికీ రాడు.

మీకో, మీ పక్కవాళ్లకో ఇలాంటి ఇబ్బంది ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఫ్రీ, ఏ టైమైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.