వర్తక సంస్థకు రాజ్యాధికారం ఎలా దక్కింది?

సరుకుల క్రయవిక్రయాల కోసం ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ పన్నులు వసూలు చేసింది, న్యాయస్థానాలు నడిపింది, యుద్ధాలు చేసింది. ఈ అధికారాలు దానికి అంచెలంచెలుగా సంక్రమించాయి.

1600 డిసెంబరు 31న ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ కంపెనీకి 15 ఏళ్ల పాటు తూర్పు దేశాలతో వర్తకంపై గుత్తాధిపత్యం ఇచ్చారు. 1661లో రెండవ చార్లెస్ జారీ చేసిన రాజపత్రం కోటలు కట్టడానికి, తీర్పులు చెప్పడానికి, క్రైస్తవేతర పాలకులతో యుద్ధానికీ సంధికీ అనుమతించింది. పోర్చుగల్ రాకుమారితో వివాహంలో కట్నంగా వచ్చిన బొంబాయిని 1668లో ఆయన ఏడాదికి 10 పౌండ్ల కౌలుకు కంపెనీకి అప్పగించారు.

భారత పాలకుల నుంచీ హక్కులు దక్కాయి. బక్సర్ ఓటమి తరువాత, 1765 ఆగస్టు 12న మొఘల్ చక్రవర్తి రెండవ షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీని కంపెనీకి ఇచ్చారు. ప్రతిఫలం ఏడాదికి 26 లక్షల రూపాయలు. అదే ఏడాది ఉత్తర సర్కారులపై ఫర్మానా పొందిన కంపెనీ, 1766లో నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం చేసుకుంది. గుంటూరు సర్కారు మాత్రం 1788లో దాని వశమైంది. తెలుగు తీరంలో కంపెనీ పాలనకు పునాది ఇదే.

బెంగాల్‌లో శిస్తు కంపెనీకి చేరగా, శాంతిభద్రతల భారం నామమాత్రపు నవాబుపై మిగిలింది. బాధ్యత లేని ఈ అధికారం ఎంత ప్రమాదకరమో 1770 నాటి కరవు చాటింది. లక్షలాది మంది మరణించినా శిస్తు వసూళ్లు ఆగలేదు.

1773 రెగ్యులేటింగ్ చట్టంతో బ్రిటిష్ పార్లమెంటు నియంత్రణ మొదలైంది. 1833 చట్టం కంపెనీ వర్తకానికి స్వస్తి చెప్పినా పాలనను దాని చేతిలోనే ఉంచింది. 1857 తిరుగుబాటు తరువాతే, 1858లో, ఆ అధికారం బ్రిటిష్ రాణికి బదిలీ అయింది.